బ్రూస్ లీ నిజంగా కొట్టగలిగేవాడా, అంతా సినిమాయేనా?

అమ్మా, నమస్కారం. పర్లాకిమిడి నుంచి మీరు రాసింది చదివాను. 12 ఏళ్ళ బాబు బ్రూస్ లీ వీడియోలు చూసి నన్‌చాకు (గొలుసుతో కలిపిన రెండు పొట్టి కర్రలు) కొనిపెట్టమని పట్టుబట్టాడు. వాళ్ళ తాతగారు "అదంతా సినిమా, డూపులూ తీగలూను" అని కొట్టిపారేశారు. అతను నిజంగా అంతటివాడా, పిల్లవాడు అతన్ని హీరోగా పెట్టుకుంటే మంచిదేనా, నేర్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడిగారు. నేను బరంపురంలో చాలా ఏళ్ళుగా కరాటే నేర్పుతున్నాను. మా క్లాసుకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది మీ బాబు వచ్చిన దారినే వస్తారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

తాతగారి మాటలో సగం నిజముంది. బ్రూస్ లీ యోధుడు కాకముందే నటుడు. 1940 నవంబరు 27న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తండ్రి లీ హోయ్ చువెన్ కాంటనీస్ ఒపేరా నటుడు, నాటకాల పర్యటనలో ఉండగా ఈ కొడుకు పుట్టాడు. నెలల బిడ్డగా ఉండగానే ఒక సినిమాలో కనిపించాడు. తర్వాత కుటుంబం హాంకాంగ్ తిరిగి వచ్చేసింది. 18 ఏళ్ళు వచ్చేసరికి సుమారు 20 సినిమాల్లో వేశాడు. వాటిలో కుంగ్‌ఫూ వెతికితే దొరకదు. అనాథ పిల్లవాడు, వీధి కుర్రాడు, ఇంట్లో మాట వినని కొడుకు, అలాంటి వేషాలు. ఎదుటి మనిషి మొహం చూసి తన మొహంలో ఏం పలికించాలో అతనికి చిన్నప్పుడే తెలిసిపోయింది. తర్వాత రోజుల్లో ఒక్క గుద్దు కొట్టి, ఆ చెయ్యి అలాగే ఉంచి, కళ్ళతో పది క్షణాలు నిలబెట్టాడే, అది దెబ్బలాటలో నేర్చిన విద్య కాదు, తండ్రి ఇంట్లో వచ్చిన విద్య. మన గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం తెల్లవార్లూ ఆడేవాళ్ళను తాతగారు చూసే ఉంటారు. గంటలకొద్దీ గెంతి, పాడి, మళ్ళీ గెంతేవాళ్ళకు ఒంటి మీద ఎంత పట్టు కావాలో ఆయనకు నేను చెప్పక్కర్లేదు. ఒపేరా నటులదీ అలాంటి పనే. కాబట్టి "నటుడే కదా" అనే మాటను తక్కువగా తీసుకోవద్దు.

రెండో సగం మాత్రం ఒప్పుకోను. అతను పుట్టిన మరుసటి ఏడే జపాన్ సైన్యం హాంకాంగ్‌ను పట్టుకుంది, 1945 దాకా ఊరు వాళ్ళ చేతిలోనే ఉంది. యుద్ధం అయ్యాక జనంతో కిక్కిరిసిన ఊళ్ళో కుర్రాళ్ళ ముఠాలు, మేడల మీద పందేలు కాసి కొట్లాటలు. బ్రూస్ మంచి పిల్లవాడేం కాదు. చదువు అంతంతమాత్రం, కోపం ఎక్కువ, ఒక బడి నుంచి పంపించేశారు కూడా. 13 ఏళ్ళప్పుడు, అంటే మీ బాబుకంటే ఒక్క ఏడు పెద్దయ్యాక, ఇప్ మాన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ పద్ధతిలో చేరాడు. అక్కడ సీనియర్ శిష్యుడు వాంగ్ షున్ లియుంగ్ దగ్గర చాలా నేర్చుకున్నాడు. దగ్గరగా నిలబడి, చేతికి చెయ్యి తగిలిస్తూ ఎదుటివాడి బలం ఎటు పోతోందో పసిగట్టడం ఆ పద్ధతిలో ముఖ్యమైన సాధన. 1958లో హాంకాంగ్ బడుల మధ్య జరిగిన బాక్సింగ్ పోటీ గెలిచాడు. అదే ఏడు చా-చా నాట్యపోటీలోనూ గెలిచాడు. నాట్యం సంగతి ఊరికే చెప్పడం లేదు. అడుగు ఎక్కడ పడాలో, బరువు ఏ కాలి మీద ఉండాలో ఒళ్ళు మర్చిపోకుండా గుర్తు పెట్టుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే. నా దగ్గర చేరే అమ్మాయిల్లో ఒడిస్సీ నేర్చినవాళ్ళు కాళ్ళ పని ఎంత తొందరగా పట్టుకుంటారో చూస్తూనే ఉంటాను.

వీధి గొడవలు పోలీసుల దాకా వెళ్తుంటే తల్లిదండ్రులు భయపడి 1959లో, జేబులో 100 డాలర్లతో ఓడ ఎక్కించి అమెరికా పంపించేశారు. సియాటిల్‌లో ఒక చైనా హోటల్లో పనిచేస్తూ, పైన చిన్న గదిలో ఉంటూ చదువుకున్నాడు. 1961లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. నేను పిల్లలకు బ్రూస్ లీ కథ చెప్పేటప్పుడు ఈ సియాటిల్ రోజుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. వీడియోల్లో ఇది ఎవరూ చూపించరు.

అప్పట్లో అమెరికాలోని చైనావాళ్ళు తమ విద్యను బయటివాళ్ళకు సాధారణంగా నేర్పేవారు కాదు. బ్రూస్ లీ మొదటి శిష్యుడు జెస్సీ గ్లోవర్, ఒక నల్లజాతి జూడో ఆటగాడు. ఆ గుంపులో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, ఆసియావాళ్ళు అందరూ ఉండేవారు. పార్కుల్లో, పార్కింగ్ స్థలాల్లో సాధన చేసేవారు. వాళ్ళలో టాకీ కిమురా గురించి బాబుకు తప్పకుండా చెప్పండి. ఆయన జపనీస్ అమెరికన్. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న తన పౌరులనే తీసుకెళ్ళి కంచెల మధ్య నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. కిమురా అక్కడి నుంచి బయటికి వచ్చేసరికి ఆత్మవిశ్వాసం పూర్తిగా పోగొట్టుకున్న మనిషి. కిరాణా వ్యాపారం చేసుకుంటూ, ముప్పై ఐదు దాటాక, తనకంటే 16 ఏళ్ళు చిన్నవాడైన బ్రూస్ దగ్గర శిష్యుడిగా చేరాడు. బ్రూస్ ఆయనకు గుద్దులే కాదు, తలెత్తి నడవడం నేర్పాడు. జపాన్ సైన్యం ఏలుబడిలో పసితనం గడిపిన చైనా కుర్రాడు, జపాన్ రక్తమున్నందుకు శిక్ష అనుభవించిన పెద్దమనిషి. ఇద్దరూ ప్రాణ స్నేహితులయ్యారు. బ్రూస్ పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకు కిమురాయే. బ్రూస్ పోయాక అతని సమాధిని ఏళ్ళ తరబడి చూసుకున్నదీ కిమురాయే. ఆయన 2021లో 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. సినిమా తియ్యకపోయినా, టీవీలో కనబడకపోయినా ఈ ఒక్క పనికే బ్రూస్ లీని నేను హీరో అంటాను.

ఇది మన పిల్లలకు ఎందుకు దగ్గరగా తగులుతుందో మీకు తెలుసు. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒడిశాలో కలిసింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. ఇక్కడివాళ్ళకు మనం తెలుగువాళ్ళం, పాతపట్నం దాటి అటు వెళ్తే ఒడిశావాళ్ళం. బ్రూస్ లీది అంతకంటే గట్టి చిక్కు. హాలీవుడ్‌కు అతను మరీ చైనావాడు, హాంకాంగ్‌లో కొందరి కళ్ళకు మరీ అమెరికావాడు. తల్లి వైపు ఐరోపా రక్తం ఉందని చిన్నప్పుడు తోటి శిష్యులు వేరు చేసి చూశారంటారు. అతను ఏ పక్కా వదులుకోలేదు. మా క్లాసులో తెలుగు, ఒడియా, సవర పిల్లలు ఒకే వరసలో నిలబడతారు. వాళ్ళకు ఈ కథ చెబితే ప్రశ్నలు అడక్కుండా తలలూపుతారు.

ఇక "నిజంగా కొట్టాడా" అన్న మాట. బ్రూస్ లీ కరాటే పోటీల్లో పతకాలు పోగుచేసుకున్నవాడు కాదు. 1964లో లాంగ్ బీచ్‌లో ఎడ్ పార్కర్ నిర్వహించిన కరాటే పోటీల్లో ప్రదర్శన ఇచ్చాడు. రెండు వేళ్ళ మీద పుషప్‌లు తీశాడు. పిడికిలి ఎదుటి మనిషి ఛాతీకి అంగుళం దూరంలో పెట్టి, అక్కడినుంచే కొట్టి వెనక్కి పడేశాడు. పిల్లలు దాన్ని మంత్రం అనుకుంటారు. మడమ నేలను తన్నుతుంది, మోకాలు, నడుము, భుజం, మోచెయ్యి, మణికట్టు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటాయి, ఆ బలమంతా ఒకే క్షణంలో పిడికిలికి చేరుతుంది. అంతే సంగతి. చెయ్యి ఒక్కటే కొట్టదు. బాబు నా దగ్గరికి వస్తే ఏడాదిలో కొద్దిగా, ఐదేళ్ళలో బాగా చేయించగలను. అందులో రహస్యం లేదు, ఓపిక ఉంది.

అదే ఏడు చివర ఓక్లాండ్‌లో వాంగ్ జాక్ మాన్ అనే కుంగ్‌ఫూ గురువుతో తలుపులు మూసి పోరాటం జరిగింది. చూసినవాళ్ళ మాటలు కలవవు. బ్రూస్ భార్య లిండా మూడు నిమిషాల్లో అయిపోయిందన్నారు, ఇంకో సాక్షి ఇరవై నిమిషాలు దాటిందన్నాడు. గెలుపు గురించి ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాకు ఆ వాదన మీద ఆసక్తి లేదు. ఆ రోజు తర్వాత బ్రూస్ చేసిన పని మీదే నా కన్ను. గెలిచానన్న సంతోషం అతనికి లేదు. తనకు ఆయాసం వచ్చింది, ఎదుటివాడు పరుగెత్తితే తన పద్ధతి పనిచెయ్యలేదు, అనుకున్నంత తొందరగా ముగియలేదు. అంతే, తన సొంత విద్యనే ముక్కలు చేసి చూడడం మొదలుపెట్టాడు. రోజూ పరుగు, తాడాట, బరువులు. బాక్సింగ్ పుస్తకాలు, పాత ఫైట్ల ఫిలిం రీళ్ళు. మహమ్మద్ అలీ అడుగులను పదేపదే చూశాడు. అన్న పీటర్ కత్తియుద్ధం ఆటగాడు. ఆ ఫెన్సింగ్ నుంచి, ఎదుటివాడు దెబ్బ మొదలుపెట్టిన క్షణంలోనే దానికి అడ్డంపడి కొట్టడం తీసుకున్నాడు. జూడో, కుస్తీ పట్లు నేర్చుకున్నాడు. 1967లో వీటన్నిటినీ కలిపి జీత్ కున్ డో అని పేరు పెట్టాడు. తన గురువు నేర్పిన దాన్ని తిట్టలేదు, తనకు పనికిరానిది మాత్రం పక్కన పెట్టాడు.

ఇది ఎంత కష్టమో బెల్టు కట్టుకున్నవాళ్ళకు తెలుస్తుంది. పదేళ్ళు చెమటోడ్చి నేర్చుకున్నదాన్ని "ఇందులో ఇది పనికిరాదు" అని ఒప్పుకోవాలంటే గుండె ధైర్యం కావాలి. పెద్ద పెద్ద మాస్టర్లే చెయ్యలేరు. ఓక్లాండ్ పోరాటం తర్వాత ఆ పని మొదలుపెట్టేనాటికి అతనికి 24 ఏళ్ళు.

శరీరం కూడా దేవుడిచ్చిన వరం కాదు. ఎత్తు సుమారు 172 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలకు కాస్త అటూ ఇటూ. దూరపు చూపు లేదు, చిన్నప్పుడు మందపు కళ్ళద్దాలు, తర్వాత కాంటాక్ట్ లెన్సులు. ఒక కాలు ఇంకో కాలికంటే కొంచెం పొట్టి. అమెరికా సైన్యం వైద్యపరీక్షలో పనికిరాడని పంపించేసింది. పొట్టి కాలిని వంక పెట్టుకోకుండా, దానికి తగిన నిలుపు వెతుక్కున్నాడు. బలమైన కుడిచెయ్యి, కుడికాలు ముందుకు పెట్టి నిలబడేవాడు. మీ బాబు సన్నగా ఉన్నాడని రాశారు కదా, అదేమీ అడ్డు కాదు.

టీవీకి దారి లాంగ్ బీచ్ ప్రదర్శనే చూపించింది. 1965 ఫిబ్రవరిలో, కొడుకు బ్రాండన్ పుట్టిన మూడు రోజులకే స్క్రీన్ టెస్ట్ ఇచ్చాడు. అదే నెలలో తండ్రి పోయాడు. 1966లో 'ది గ్రీన్ హోర్నెట్' ధారావాహికలో హీరోకు కారు నడిపే కాటో వేషం దొరికింది. 26 భాగాలతో అది ఆగిపోయింది. అతని కదలికలు కెమెరాకు అందక మసగ్గా వస్తున్నాయని నెమ్మదిగా కొట్టమన్నారు. తాతగారు ఫిలిం వేగం పెంచారేమో అని అనుమానపడితే ఈ సంగతి చెప్పండి. ఆ తర్వాత ఏళ్ళు బాగా గడవలేదు. చిన్న వేషాలు, నటులకు ప్రైవేటు పాఠాలు. జేమ్స్ కోబర్న్, స్టీవ్ మెక్వీన్ లాంటి తారలు, బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీం అబ్దుల్ జబ్బార్ అతని శిష్యులే. తారలకు గురువు కాగలిగాడు గానీ తార కాలేకపోయాడు. ఒక కుంగ్‌ఫూ సన్యాసి కథతో వచ్చిన టీవీ ధారావాహికలో ముఖ్యపాత్రకు అతన్ని పరిశీలించి, చివరికి తెల్ల నటుడు డేవిడ్ కారడైన్‌కు ఇచ్చారు.

1970లో దెబ్బ తగిలింది. సరిగ్గా ఒళ్ళు వేడెక్కించకుండా, సుమారు 57 కిలోల బరువు మెడ వెనక పెట్టుకుని నడుము వంచాడు. వెన్ను కింది భాగంలో నరం దెబ్బతింది. ఇక జీవితంలో కాలు ఎత్తి తన్నలేవని వైద్యులు చెప్పారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, చేతిలో డబ్బు లేదు, లిండా ఉద్యోగానికి వెళ్ళింది. అతను నెలల తరబడి మంచం మీదే ఉండి నోట్సు రాశాడు. పోరాటంలో దూరం, సమయం, లయ, మోసపు కదలికలు, ఒక్కోదానికి బొమ్మలు గీసి రాసుకున్నాడు. అవన్నీ అతను పోయాక పుస్తకంగా వచ్చి ఇప్పటికీ మా లాంటివాళ్ళ బల్లల మీద ఉన్నాయి. నడుము నొప్పి జీవితాంతం పూర్తిగా పోలేదు. అతను హీరోగా చేసిన సినిమాల్లో మీరు చూసే ఆ తన్నులన్నీ, అన్నీ, ఈ గాయం తర్వాతివే. ఇది మీ బాబుకు చెప్పి చూడండి. మా పిల్లలు నమ్మరు, మళ్ళీ వెళ్ళి ఆ వీడియోలు కొత్తగా చూస్తారు.

1971 మొదట్లో ఒక సినిమా లొకేషన్ల కోసం కోబర్న్, రచయిత స్టిర్లింగ్ సిలిఫాంట్‌లతో కలిసి మన దేశం కూడా వచ్చి తిరిగాడు. ఆ సినిమా ముందుకు సాగలేదు. అదే ఏడు హాంకాంగ్ నిర్మాత రేమండ్ చౌ రెండు సినిమాలకు 15,000 డాలర్లు ఇస్తానన్నాడు. 'ది బిగ్ బాస్' థాయ్‌లాండ్ పల్లెలో తక్కువ ఖర్చుతో తీశారు, హాంకాంగ్ వసూళ్ళ రికార్డులన్నీ బద్దలైపోయాయి. 1972లో 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' ఆ రికార్డునూ దాటింది. డూపు మాట తాతగారు అన్నారు కదా, ఆ సినిమా నుంచీ గాలిలో పల్టీలు కొన్ని యువెన్ వా అనే కుర్రాడు వేశాడు. పల్టీలు ఒపేరా బడిలో పెరిగినవాళ్ళ విద్య, బ్రూస్ లీది కాదు. గుద్దులు, తన్నులు, నన్‌చాకు మాత్రం అతనివే.

ఒక్క ఫైట్ గురించి చెప్పనివ్వండి. 1972లోనే వచ్చిన 'వే ఆఫ్ ది డ్రాగన్'కు రచన, దర్శకత్వం, ఫైట్లు అన్నీ అతనే. చివర్లో రోమ్ కొలోసియంలో చక్ నోరిస్‌తో పోరు ఉంటుంది. నోరిస్ అప్పటికే పేరున్న కరాటే ఛాంపియన్. పోరు మొదలయ్యే ముందు ఇద్దరూ చాలాసేపు ఒళ్ళు వేడెక్కించుకుంటారు. వెన్ను విరిగినంత పనైనవాడు తీసిన సినిమాలో ఆ సన్నివేశం అంతసేపు ఉండడం నాకు ఊరికే అనిపించదు. మొదట్లో బ్రూస్ బిగుసుకుని, పాత పద్ధతిలో పోరాడతాడు. దెబ్బలు తిని కింద పడతాడు. లేచి, అడుగులు మారుస్తాడు. కాళ్ళు తేలికై నేల మీద ఆడడం మొదలవుతుంది, అలీ అడుగులు అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. ఎదుటివాడు అదే లయలో కొడుతుంటే ఇతను లయ విరిచేస్తాడు. ఓక్లాండ్ గదిలో నేర్చుకున్న పాఠాన్ని తెర మీద ప్రపంచానికి చెప్పినట్టుంటుంది. మోకాలు పోయాక కూడా ఎదుటివాడు లొంగిపోడు, బ్రూస్ వద్దని తల ఊపుతాడు. చంపాక సంతోషించడు. ఆ మనిషి కరాటే చొక్కా, బెల్టు తెచ్చి శవం మీద కప్పి, ఒక్క క్షణం మోకాళ్ళ మీద ఆగి వెళ్తాడు. మన సినిమాల్లో విలన్ చచ్చాక హీరో ఏం చేస్తాడో తెలుసు కదా. ఓడినవాడికి అంత మర్యాద ఇచ్చిన ఫైటు నేను ఇంకోటి చూడలేదు. మా క్లాసులో స్పారింగ్, అంటే ఇద్దరు ఎదురెదురుగా పోరాడే సాధన, నేర్పే ముందు ఈ సన్నివేశం చూపిస్తాను.

1973 మే 10న డబ్బింగ్ చెబుతూ కుప్పకూలాడు. మెదడులో వాపు అని తేలింది, వైద్యులు బతికించారు. జూలై 20న హాంకాంగ్‌లో నటి బెట్టీ టింగ్ పే ఇంట్లో తలనొప్పి అని ఒక మాత్ర వేసుకుని పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. వయసు 32. మళ్ళీ అదే మెదడువాపు. ఆ మాత్ర పడకపోవడం వల్ల జరిగిన అనుకోని మరణమని విచారణలో తేల్చారు. హాలీవుడ్ సంస్థ వార్నర్ బ్రదర్స్‌తో కలిసి తీసిన 'ఎంటర్ ది డ్రాగన్' అప్పటికి అమెరికాలో విడుదల కాలేదు. రహస్య దెబ్బ కొట్టి చంపారని, ముఠాలు విషం పెట్టాయని, శాపమని మన వీడియో పార్లర్ల రోజుల నుంచీ కథలు వింటూనే ఉన్నాం. కొడుకు బ్రాండన్ 1993లో షూటింగులో తుపాకీ ప్రమాదంలో 28 ఏళ్ళకే పోవడంతో ఆ శాపం కథకు ఇంకా రెక్కలొచ్చాయి. అది సెట్లో నిర్లక్ష్యం, శాపం కాదు. పిల్లలకు ఆ కథలు చెప్పకండి. వడదెబ్బే కారణం కావచ్చని ఈ మధ్య ఒక జీవితచరిత్ర రచయిత వాదించాడు, ఒంట్లో నీరు, ఉప్పు సమతూకం తప్పిందని ఇంకొందరు వైద్యులు రాశారు. ఏది నిజమైనా, చివరి నెలల్లో అతను బాగా సన్నబడిపోయి, నిద్ర తిండి చూసుకోకుండా పనిచేశాడు. ఇక్కడ మాత్రం అతన్ని అనుసరించకూడదని పిల్లలకు గట్టిగా చెబుతాను. 1998 వేసవిలో మన ఒడిశాలో వడదెబ్బకు రెండు వేలమందికి పైగా పోయారు. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటాక మేడ మీద సాధన చేయిస్తానన్న మాస్టర్ దగ్గరికి బాబును పంపకండి.

తాతగారికి ఒక మాట. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారి పేరు ఆయనకు తప్పక తెలుసు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న ఆ బలశాలి చివరి రోజులు మన బలంగీర్‌లోనే గడిపి 1942లో పోయారు. సర్కస్ డేరాలో జనం టికెట్టు కొని ఆయన్ని చూశారు. టికెట్టు పెట్టి చూపించినంత మాత్రాన ఆ బలం అబద్ధమని తాతగారు అనరు కదా. బ్రూస్ లీ విషయంలోనూ అలాగే చూడమనండి. తాతగారి చేతే రామ్మూర్తిగారి కథ బాబుకు చెప్పించండి, ఇద్దరి మధ్యా గొడవ సగం తీరుతుంది.

ఇప్పుడు నన్‌చాకు. కొనకండి, ఇప్పుడే వద్దు. బ్రూస్ లీ కూడా దాన్ని చిన్నప్పుడు నేర్చుకోలేదు. అది ఒకినావా ఆయుధం, ఫిలిప్పీన్స్ మూలాలున్న శిష్యుడు, మిత్రుడు డాన్ ఇనోసాంటో ద్వారా అతని చేతికి వచ్చింది. అప్పటికే ఒళ్ళు సిద్ధంగా ఉంది. 12 ఏళ్ళ పిల్లవాడు కర్ర నన్‌చాకు తిప్పితే మొదటి దెబ్బ మోచేతికి, రెండోది కణతకు. మరీ ఏడిస్తే స్పాంజి చుట్టిన మెత్తనిది దొరుకుతుంది, అది మీ కళ్ళ ముందే తిప్పమనండి. చేతిలో ఏదో ఒకటి పట్టుకోవాలన్న ఆశ పిల్లలకు సహజం. మీ వైపు కర్రసాము చేసే పెద్దలెవరైనా ఇంకా ఉంటే ముందు వాళ్ళ దగ్గర పొడుగు కర్ర పట్టించండి. మణికట్టు, భుజం, అడుగు మూడూ ఒకేసారి కుదురుతాయి.

మాస్టర్‌ను ఎంచుకునేటప్పుడు గోడమీది సర్టిఫికెట్లు చూడొద్దు. క్లాసు జరుగుతుండగా వెళ్ళి ఒక మూల కూర్చోండి. కొత్తగా చేరిన బలహీనమైన పిల్లవాడితో ఆయన ఎలా మాట్లాడుతున్నాడో చూడండి. మూడు నెలలకో బెల్టు అని గ్రేడింగ్ ఫీజు లాగేచోటు వద్దు. మొదటి రోజే ఇటుకలు, టైల్సు పగలగొట్టించేచోటు అసలే వద్దు, ఈ వయసులో చేతి ఎముకలు ఇంకా ముదరవు. తల మీద దెబ్బలు పడే స్పారింగ్ ఇప్పుడే అక్కర్లేదు. బరువులు ఎత్తించకండి. పుషప్, తాడాట, పరుగు, గుంజీలు చాలు. కరాటేనా, టైక్వాండోనా, జూడోనా, బాక్సింగా అన్నది తర్వాతి మాట. పర్లాకిమిడిలో మీకు దగ్గరగా, మంచి మనిషి ఏది నేర్పితే అదే మంచిది. బ్రూస్ లీ వింగ్ చున్‌తో మొదలుపెట్టి ఎక్కడెక్కడికో వెళ్ళాడు.

ఒక నోటుపుస్తకం కొనివ్వండి. రోజూ సాధన అయ్యాక ఏం చేశాడో, ఏది కుదరలేదో రెండు ముక్కలు రాయమనండి. తెలుగులోనో, ఒడియాలోనో, తనకు ఏది వస్తే అందులో. బ్రూస్ లీ ఎన్ని గుద్దులు, ఎన్ని తన్నులు, ఎంత పరుగు అని లెక్క రాసుకునేవాడు, ఆ కాగితాలు ఇంకా ఉన్నాయి. నన్‌చాకు అడిగిన పిల్లవాడికి నోటుపుస్తకం ఇస్తే మొదట మొహం మాడ్చుకుంటాడు. నా దగ్గర రాసిన పిల్లలు రాయనివాళ్ళను ఏడాదిలో దాటిపోయారు, ఇది కళ్ళారా చూస్తున్నాను.

కొలోసియం ఫైటు తాతగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడమనండి. నోరిస్ ఎప్పుడు ఒకే లయలో పడిపోయాడో, బ్రూస్ అడుగు ఎప్పుడు మారిందో బాబును కనిపెట్టమనండి. కనిపెడితే నాకు రాయండి. బరంపురం వచ్చినప్పుడు క్లాసుకు తీసుకురండి, ఫీజు గురించి ఆలోచించకండి, ఒక రోజు మా పిల్లలతో కలిసి చేసి చూస్తాడు.